టమాటా ఆకుపై మచ్చలు: మందు కొట్టినా తెగులు ఎందుకు ఆగదు?

ముసురు పట్టి నాలుగు రోజులైంది. మొన్నటిదాకా కళకళలాడిన టమాటా మొక్క అడుగు ఆకులపై గోధుమరంగు మచ్చలు తేలాయి. మర్నాటికి ఆకు అంచులు పసుపెక్కాయి. ఎవరిని అడిగినా తలో మందు చెబుతారు. ఒకరు వంటసోడా అంటే ఇంకొకరు పాలు అంటారు. వేపనూనె అనేవారు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) తప్ప దారి లేదనేవారు, అసలేమీ కొట్టొద్దు ఆకులు తుంచేస్తే చాలు అనేవారు కూడా ఉంటారు. ప్రతి ఒక్కరూ తమకు పనిచేసిందనే చెబుతారు, వాళ్లెవరూ అబద్ధమాడడం లేదు. అయినా ఒకరి మొక్కను నిలబెట్టిన మందు ఇంకొకరి మొక్కపై దండగ అవుతుంది.

ఈ తికమకకు నాకు కనిపించే కారణాలు రెండు. ‘ఫంగస్’ అనే ఒక్క మాట కింద మనం అరడజను వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నాం. మచ్చ కనిపించిన రోజునే జబ్బు మొదలైన రోజు అనుకుంటున్నాం.

చీడ, తెగులు, శిలీంధ్రం: మాటల మధ్య తేడా

తెలుగులో ఈ విషయంలో మంచి వెసులుబాటు ఉంది. పురుగుల వల్ల వచ్చేది చీడ, సూక్ష్మజీవుల వల్ల వచ్చేది తెగులు. పేనుబంక, తెల్లదోమ చీడలు. ఆకుమచ్చ, బూడిద, వడలు తెగుళ్లు. అయితే తెగుళ్లన్నీ శిలీంధ్రాల (ఫంగస్) వల్లే రావు. బ్యాక్టీరియా, వైరస్‌లు కూడా తెగుళ్లు తెస్తాయి. ఆకులు పైకి ముడుచుకుని మొక్క గిడసబారితే అది చాలావరకు తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ పని. దానిపై ఏ శిలీంధ్రనాశిని కొట్టినా ఫలితం ఉండదు.

కాయ అడుగున తోలులా నల్లగా కుంగిపోయే మచ్చను చూసి కూడా చాలామంది మందు కొడతారు. అది అసలు తెగులే కాదు. నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అందడం వల్ల పెరిగే కాయకు కాల్షియం సరిగా చేరక వచ్చే లోపం. నీటి పారుదల నిలకడగా ఉంటే తర్వాతి కాయలు బాగుపడతాయి.

శిలీంధ్రాలది మరో తీరు. పుట్టగొడుగులు, రొట్టె మీది బూజు ఈ కుటుంబంలోవే. కంటికి కనిపించని సిద్ధబీజాల (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మకణాలు) ద్వారా ఇవి వ్యాపిస్తాయి. గాలిలో తేలి వచ్చేవి కొన్ని, వాన చినుకు మట్టిని చిందించినప్పుడు ఆకుకు అంటుకునేవి కొన్ని, విత్తనంతోనే వచ్చేవి కొన్ని. ఆకు మీద పడిన సిద్ధబీజం మొలకెత్తి, ఆకు పొరను చీల్చుకునో పత్రరంధ్రాల గుండానో లోపలికి చేరుతుంది. అక్కడి నుంచి పై పూతలకు అది దాదాపు అందదు.

మచ్చను దగ్గరగా చూస్తే తెలిసేవి

చేతిలో ఒక చిన్న భూతద్దం ఉంటే సగం అయోమయం తీరుతుంది. ఆకును తుంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ముందు పైవైపు, తర్వాత కిందివైపు చూడాలి. కిందివైపు చూడటం చాలామంది మరిచిపోతారు.

మచ్చలో ఒకదాని లోపల ఒకటిగా, నరికిన చెట్టు మొద్దుపై కనిపించే వలయాల్లాంటి గీతలుంటే అది ఎర్లీ బ్లైట్. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం దీనికి కారణం. అన్నిటికంటే కింద ఉన్న ముదురు ఆకులతో మొదలై నిచ్చెన ఎక్కినట్టు పైకి వస్తుంది. మచ్చ చుట్టూ పసుపు అంచు ఉంటుంది. 24 నుంచి 29 డిగ్రీల వెచ్చదనం, మధ్యమధ్యలో తడి దీనికి అనుకూలం.

మచ్చలు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా, లెక్కపెట్టలేనన్ని ఉండి, మధ్యలో బూడిదరంగు, అంచున ముదురు గోధుమరంగు ఉంటే సెప్టోరియా ఆకుమచ్చ. భూతద్దం ఉపయోగపడేది ఇక్కడే. బూడిదరంగు మధ్యభాగంలో సూదిమొనతో పొడిచినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కా సిద్ధబీజాల సంచి. ఆకు తడవగానే అది పగిలి లోపలివి బయటికి ఉబుకుతాయి, తర్వాతి చినుకు వాటిని పక్క ఆకు మీదికి చిందిస్తుంది.

నీళ్లలో నానినట్టు, నూనె మరక పడినట్టు పెద్ద ముదురు మచ్చలు కింద, మీద అన్న తేడా లేకుండా ఒక్కసారిగా వస్తే అది లేట్ బ్లైట్ కావచ్చు. తెల్లవారుజామున ఆకు తిరగేస్తే మచ్చ అంచున పల్చటి తెల్లటి నూగు కనిపిస్తుంది. ఎండెక్కాక అది కనిపించదు. కాండం మీద నల్లటి చారలు, కాయల మీద గట్టిగా ఉండే గోధుమరంగు మరకలు కూడా వస్తాయి. చల్లటి రాత్రులు, తడి పగళ్లు కలిసొస్తే పచ్చటి మొక్క వారం పది రోజుల్లో కూలిపోతుంది.

ఈ లేట్ బ్లైట్ కథ వేరు. 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళదుంప పంటను తుడిచిపెట్టి, దాదాపు 10 లక్షల మంది ప్రాణాలు తీసిన కరువుకు కారణమైన జీవి ఇదే. జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1876లో దీనికి ఫైటాఫ్తోరా అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు మొక్కను నాశనం చేసేది అని అర్థం. శిలీంధ్రంలా కనిపించినా ఇది నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ అనే వేరే వర్గానికి చెందినది. దాని కణాల గోడల నిర్మాణం కూడా వేరు. ఈ తేడా మందుల దగ్గర చాలా ముఖ్యమవుతుంది.

ఇక పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే బూడిద తెగులు. దాన్ని పోల్చుకోవడం తేలిక.

ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది?

తెగులు రావాలంటే మూడూ ఒకచోట చేరాలి: లొంగే మొక్క, తెగులు కలిగించే జీవి, దానికి అనుకూలించే వాతావరణం. సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మొక్కను ఇప్పటికే నాటేశాం. మన చేతిలో మిగిలింది మూడోదే, అందులోనూ ముఖ్యంగా ఆకు మీద తడి ఎంతసేపు నిలిచిందన్నది.

ఒకే రకం టమాటా ఉన్న రెండు కుండీలను ఊహించుకోండి. మొదటిదానికి సాయంత్రం 6 గంటలకు గొట్టంతో పైనుంచి నీళ్లు పోశారు. రాత్రి గాలిలో తేమ ఎక్కువ, ఆకులు ఆరవు. ఉదయం 8 గంటలకు ఎండ తగిలేదాకా అంటే 14 గంటలు ఆకు తడిగానే ఉంది. రెండోదానికి ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గర మట్టికే నీళ్లు పోశారు. తెల్లవారుజామున పడిన మంచు ఒక్కటే దాని ఆకులను తడిపింది, అది 4 గంటల్లో ఆరింది. సిద్ధబీజం మొలకెత్తి లోపలికి చేరడానికి కొన్ని గంటల తడి కావాలి. 14 గంటలు దానికి పుష్కలం. 4 గంటల్లో చాలా సిద్ధబీజాలు సగంలోనే ఎండిపోతాయి.

‘సాయంత్రం నీళ్లు పోయకూడదు’ అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. నిజానికి తప్పు వేళది కాదు. ఆకు తడవకుండా మట్టికే పోస్తే సాయంత్రమైనా పెద్ద నష్టం లేదు. మొక్కల మధ్య ఎడం, ఊత కట్టడం, మట్టి మీద ఎండుగడ్డి పరవడం కూడా ఈ లెక్కలోవే. ఎడం ఉంటే ఆకు త్వరగా ఆరుతుంది. గడ్డి పరిస్తే చినుకు మట్టిని ఆకు మీదికి చిందించలేదు.

ఈ సూత్రానికి ఎదురు తిరిగేది బూడిద తెగులు. దాని సిద్ధబీజాలకు ఆకు మీద నీరు అక్కర్లేదు, గాలిలో కాస్త తేమ ఉంటే చాలు. నీటి పొర ఉంటే అవి సరిగా మొలకెత్తలేవు కూడా. ఆకులను పొడిగా ఉంచడంలో ఎంత జాగ్రత్తపడినా బూడిద తెగులు రావచ్చు. ‘నేను అన్నీ సరిగానే చేశాను కదా’ అని బాధపడేవారిలో కొందరి మొక్కకు వచ్చింది ఇదే.

శనివారం కొట్టిన మందు, గురువారం వచ్చిన మచ్చ

ఎర్లీ బ్లైట్ లోపలికి చేరాక మచ్చ కంటికి కనిపించడానికి వాతావరణాన్ని బట్టి సుమారు 3 నుంచి 7 రోజులు పడుతుంది. ఈ వ్యవధిని పట్టించుకోకపోతే లెక్క ఎలా తప్పుతుందో చూద్దాం.

సోమవారం రాత్రి వాన పడింది. ఆ రాత్రే కొన్ని ఆకులకు తెగులు సోకింది. గురువారం రాత్రి మళ్లీ జల్లు, ఇంకొన్ని ఆకులకు సోకింది. శుక్రవారం తొలి మచ్చలు కనిపించాయి. శనివారం మందు కొట్టారు. తర్వాతి వారం మంగళ, బుధ, గురువారాల్లో కొత్త ఆకుల మీద కొత్త మచ్చలు తేలాయి. ‘మందు పనిచేయలేదు’ అని తీర్పు చెప్పేస్తాం. కానీ అవి గురువారం రాత్రి సోకినవి. శనివారం నాటికే శిలీంధ్రం ఆకు లోపల ఉంది. ఆ మందు మంచిదో కాదో చెప్పాలంటే, అది కొట్టిన తర్వాత మళ్లీ తడి పడి, ఆ తడి తర్వాత మరో వారం గడవాలి.

తప్పు అటువైపు కూడా జరుగుతుంది. శనివారం కొట్టింది ఉత్త నీళ్లే అనుకోండి. ఆదివారం నుంచి పది రోజులు ఎండ కాసింది. కొత్త మచ్చలు ఆగాయి. ఆగింది ఎండ వల్ల, పేరు మాత్రం నీళ్లకు వస్తుంది. ఇంటి మొక్కల దగ్గర ఇన్ని మందులకు ఇంత ఖ్యాతి రావడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. రెండు మొక్కలుంటే ఒకదానికి కొట్టి ఒకదాన్ని వదిలేసి చూస్తే తప్ప, చూసింది మందు ఫలితమో వాతావరణ ఫలితమో చెప్పలేం.

ఇంకో విషయం కూడా ఉంది. ఆకు పైన మాత్రమే నిలిచే మందు ఆ రోజు ఉన్న ఆకులకే రక్ష. టమాటా తీగ ఆగకుండా పెరుగుతుంది. వారం తర్వాత విచ్చుకున్న ఆకు మీద ఆ మందు చుక్క కూడా ఉండదు.

వంటింటి మందులు: దేనికి ఎంత పస ఉంది?

పాల సంగతి కొట్టిపారేయలేం. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, హరితగృహంలో పెంచిన, గుమ్మడి జాతికి చెందిన జుకినీ మొక్కల బూడిద తెగులును నీళ్లు కలిపిన ఆవు పాలు బాగా అదుపు చేశాయి. 10 శాతం, అంతకు మించిన గాఢతలో ఫలితం శిలీంధ్రనాశినులకు దీటుగా ఉంది. అయితే అక్కడి మొక్క జుకినీ, జబ్బు బూడిద తెగులు, చోటు హరితగృహం. దాన్ని తెచ్చి టమాటా ఎర్లీ బ్లైట్‌కు అన్వయించడం పెద్ద దూకుడు. టమాటాకు వచ్చే బూడిద తెగుళ్లలోనూ ఒక రకం ఆకు పైనే పెరుగుతుంది, ఇంకోటి లోపలికి చొచ్చుకుపోయి పైన పసుపు మచ్చలు చూపిస్తుంది. మొదటిది పై పూతలకు లొంగినంతగా రెండోది లొంగదు.

వేపనూనెదీ ఇంచుమించు ఇదే కథ. బూడిద తెగులుపై కొంత పనిచేస్తుంది. మిగతా ఆకుమచ్చలపై ఆశ పెట్టుకోలేం. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది.

వంటసోడా ఆకు మీద క్షారగుణాన్ని పెంచి బూడిద తెగులును కాస్త అడ్డుకుంటుంది. దాని చిక్కు సోడియం. లీటరు నీటికి 5 గ్రాములు కలుపుతారనుకుందాం. వంటసోడా బరువులో సుమారు 27 శాతం సోడియం, అంటే లీటరుకు దాదాపు 1.4 గ్రాములు. వారానికో లీటరు చొప్పున ఎనిమిది వారాలు కొడితే 11 గ్రాములు. అంత సోడియం సుమారు 28 గ్రాముల ఉప్పులో ఉంటుంది. అందులో కారి పడిన భాగమంతా కుండీ మట్టిలోకే చేరుతుంది. నేలలో అయితే వాన కడిగేస్తుంది, చిన్న కుండీలో అది పేరుకుపోవచ్చు. పొటాషియం బైకార్బొనేట్‌ను మేలంటారు, కారణం అందులో సోడియం లేకపోవడమే.

మైలుతుత్తం: ద్రాక్ష దొంగల నుంచి వచ్చిన మందు

1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో, దారి పక్క ద్రాక్షపళ్లను వచ్చేపోయేవారు కోసుకోకుండా రైతులు తీగలపై మైలుతుత్తం, సున్నం కలిపిన నీలపు నీళ్లు చల్లేవారు. చూస్తే తినబుద్ధి కాకూడదని. దారి పక్క తీగలకే తెగులు పట్టకపోవడాన్ని పియర్ మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి, పరీక్షించి, 1885లో ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. ఆ ద్రాక్ష తెగులు కూడా ఊమైసీట్ వర్గానిదే. లేట్ బ్లైట్ రాకముందు రాగి మందులు బాగా కాపాడటం అందుకే ఆశ్చర్యం కాదు.

ఒక శాతం మిశ్రమమంటే లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండింటినీ విడివిడిగా ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో కరిగించి కలుపుతారు. సరిగా కుదిరిందో లేదో చూడటానికి పాతకాలం పరీక్ష ఒకటుంది. శుభ్రమైన ఇనుప చాకును కాసేపు అందులో ముంచి తీస్తారు. దాని మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, అలాగే కొడితే ఆకు మాడుతుంది. చాకు తెల్లగానే ఉంటే మిశ్రమం కుదిరినట్టు.

రాగిని సేంద్రియ సాగులోనూ అనుమతిస్తారు కాబట్టి అది హాని లేనిదన్న భావన పాతుకుపోయింది. ఇక్కడ ఇంకో లెక్క వేయాలి. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి, అంటే ఒక శాతం మిశ్రమం లీటరులో సుమారు 2.5 గ్రాములు. ఐరోపా సమాఖ్య ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి వాడరాదని పరిమితి పెట్టింది. ఏడాదికి సగటున 4 కిలోలు, చదరపు మీటరుకు 0.4 గ్రాములు. ఒక చదరపు మీటరు మడిలోని మొక్కలపై అర లీటరు కొడితే ఒక్కసారికే దాదాపు 1.25 గ్రాములు, అంటే ఏడాది పరిమితికి మూడు రెట్లు! రాగి కుళ్లిపోదు, మట్టిలో పేరుకుంటుంది, వానపాములకు చేటు చేస్తుంది. అప్పుడప్పుడు వాడటం వేరు, వారంవారం అలవాటుగా కొట్టడం వేరు.

రసాయన మందులు: జబ్బు మారితే మందూ మారాలి

మాంకోజెబ్ లాంటివి ఆకు పైన నిలిచే మందులు. శిలీంధ్రాన్ని ఒకేసారి చాలా చోట్ల దెబ్బతీస్తాయి కాబట్టి అది తట్టుకునే శక్తి తెచ్చుకోవడం కష్టం. ఇవి చాలా జబ్బులపై పనిచేస్తాయి, చవక. మరోవైపు ఆరోగ్యంపై ప్రభావాల ఆందోళనతో ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో మాంకోజెబ్‌కు అనుమతి తీసేసింది. ఇతర చాలా దేశాల్లో వాడకం కొనసాగుతోంది. ఆహార భద్రతకు ఇవి అవసరమనేవారి వాదనలో బలముంది, ప్రత్యామ్నాయాలున్నచోట ఈ ముప్పు ఎందుకనేవారి వాదనలోనూ బలముంది.

ఆకులోకి ఇంకే మందులు వేరు. ఇవి శిలీంధ్రంలో ఏదో ఒక్క పనిని ఆపుతాయి. గురి సరిపోకపోతే అంతా వృథా. కార్బెండజిమ్ బూడిద తెగులు, సెప్టోరియాలపై పనిచేస్తుంది, ఎర్లీ బ్లైట్‌పై పెద్దగా పనిచేయదు, లేట్ బ్లైట్‌పై అసలే పనిచేయదు. మెటలాక్సిల్ సరిగ్గా తిరగబడి, ఊమైసీట్లపైనే పనిచేస్తుంది. పైగా 1980 నాటికే దానికి లొంగని లేట్ బ్లైట్ రకాలు ఐరోపా పొలాల్లో బయటపడ్డాయి. ఒకే మందును పదేపదే వాడితే జరిగేది ఇదే.

ఇంటి మొక్క విషయంలో ఒక చిక్కుకు దక్కాల్సినంత చర్చ దక్కడం లేదు. ప్రతి మందు సీసాపై, కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. పొలంలో కోత ఒక ప్రణాళిక ప్రకారం సాగుతుంది, ఆ గడువు పాటించవచ్చు. ఇంటి దగ్గర రోజుకు రెండు మూడు కాయలు పండుతూనే ఉంటాయి, పిల్లలు మొక్క దగ్గరే తుంచుకుని తినేస్తారు. కాయలు కాస్తున్న మొక్కపై గడువున్న మందు కొట్టడమంటే ఆ రోజుల పంటను వదులుకోవడమే.

మట్టిలోంచి వచ్చేవాటికి పిచికారీ అందదు

ఒక పక్క ఆకులే పసుపెక్కి, మధ్యాహ్నం వడలిపోయి, సాయంత్రానికి తేరుకుని, కొన్నాళ్లకు తేరుకోవడం మానేసిన మొక్క ఫ్యుజేరియం వడలు తెగులు బారిన పడి ఉండవచ్చు. కాండాన్ని అడుగున నిలువుగా చీలిస్తే బెరడు కింద గోధుమరంగు చార కనిపిస్తుంది. ఆకులు పసుపెక్కకుండానే మొక్క హఠాత్తుగా వాలిపోతే ఇంకో పరీక్ష చేస్తారు. కాండం ముక్కను గాజు గ్లాసులో తేటనీటిలో వేలాడదీస్తారు. కొద్ది నిమిషాల్లో తెల్లటి పాలధారల్లా కిందికి జారితే అది బ్యాక్టీరియా వడలు తెగులు, శిలీంధ్రం కాదు. రెండింటికీ మందు లేదు. ఫ్యుజేరియం మట్టిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం ముందుగా మట్టిలో కుదురుకుంటే కొంత అడ్డుపడుతుంది. జబ్బు పట్టాక వేస్తే ఆలస్యమే, దాని వెంటే శిలీంధ్రనాశిని పోస్తే అదీ చస్తుంది. ఇక్కడ నికరంగా పనిచేసేది తట్టుకునే వంగడం. కొన్ని విత్తన పొట్లాలపై పేరు పక్కన కనిపించే ఎఫ్, వి అక్షరాలు ఫ్యుజేరియం, వెర్టిసిలియం వడలు తెగుళ్లను తట్టుకుంటుందని చెప్పే గుర్తులు. అవి ఆకుమచ్చల గురించి ఏమీ చెప్పవు.

ఆకులు తుంచాలా, మొక్క పీకాలా?

అడుగు ఆకులు తుంచాలన్నవారి వాదన సులువుగా అర్థమవుతుంది: గాలి ఆడుతుంది, చిందే మట్టి అందదు, సిద్ధబీజాల కర్మాగారం పోతుంది. వద్దన్నవారి మాట కూడా నిజమే. ఆకే మొక్కకు వంటశాల, పైగా ఎండ నేరుగా తగిలితే కాయలు తెల్లగా కమిలిపోతాయి. తడిగా ఉన్నప్పుడు తుంచితే చేతులే తెగులును మోస్తాయి. ఎర్లీ బ్లైట్, సెప్టోరియాల్లో మచ్చలు పడిన అడుగు ఆకులు ఎలాగూ రాలిపోయేవే, పొడి వేళ తీసేస్తే నష్టం తక్కువ. లేట్ బ్లైట్‌లో మాత్రం ఆకులు తుంచుతూ కూర్చునేలోపు గాలి దాన్ని ఇరుగుపొరుగు తోటలకు చేరవేస్తుంది. మొక్క మీద ఎంత మమకారం ఉన్నా అక్కడ పీకేయడమే మేలని చెప్పక తప్పదు.

తీసిన ఆకులు ఎక్కడ వేయాలన్నది కూడా జబ్బును బట్టే ఉంటుంది. ఎర్లీ బ్లైట్, సెప్టోరియాలు ఎండుటాకుల్లో బతికి తర్వాతి పంట కోసం కాచుకుంటాయి. కంపోస్టు కుప్ప లోపల వేడి 55 డిగ్రీలకు చేరి కొన్ని రోజులు నిలిస్తే చస్తాయి, ఇంటి కంపోస్టు డబ్బాలో అంత వేడి పుట్టడం అరుదు. లేట్ బ్లైట్‌కు సాధారణంగా ప్రాణమున్న కణజాలం కావాలి. పీకిన మొక్కను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టి ఎండలో ఉంచితే, మొక్కతోపాటే ఆకుల మీది తెగులు కూడా నశిస్తుంది. పక్కన మట్టిలో తవ్వకుండా మిగిలిపోయిన బంగాళదుంప ఒక్కటి ఉన్నా అది అందులో తలదాచుకుని వచ్చే కారుకు మళ్లీ మొలకతో పైకి వస్తుంది.